వెనిస్ అని కొంటే రావెన్నాలో ఎక్కించారు: క్రూయిజ్ రేవులు మారినప్పుడు ఏది ఎంచుకోవాలి

మా అమ్మకి వెనిస్ పిచ్చి. వీధులకి బదులు కాలవలు, ఆటోలకి బదులు పడవలు. కోనసీమలో పుట్టిన మనిషి కాబట్టి ఆ ఊరు తన పుట్టిల్లే అన్నట్టు మాట్లాడుతుంది. డాలస్‌లో ఉండే అక్కా బావగారు రెండేళ్ల కిందట అమ్మానాన్నల్ని కూడా కలుపుకుని ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశారు. ఏజెంటు పంపిన కాగితం మీద 'రావెన్నా (వెనిస్)' అని ఉంది. ఇదేమిటని బావగారు అడిగితే "వెనిస్ పోర్టు పేరే సార్, పక్కనే" అన్నాడట. ఆ 'పక్కనే' దాదాపు 150 కిలోమీటర్లు. అంటే విశాఖ నుంచి కాకినాడ వెళ్లినంత దూరం. వెనిస్ విమానాశ్రయంలో దిగి, సామాన్లు మోసుకుంటూ రెండున్నర గంటలు బస్సులో కూర్చుని షిప్ ఎక్కారు. తిరిగొచ్చేటప్పుడు విమానానికి ముందు మిగిలిన మూడు గంటల్లో అమ్మ వెనిస్ చూసింది. చూసింది అంటే, 'టైమైపోతోంది' అని బావగారు వెనకనుంచి తరుముతుంటే నడిచింది.

అప్పటినుంచి ఇంట్లో ఎవరు క్రూయిజ్ మాట ఎత్తినా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు. అలా ఏ ఊరు షిప్పుల్ని రానిస్తోంది, ఏది వద్దంటోంది అని తెలుసుకోవడం అలవాటైపోయింది.

చాలామంది బాల్కనీ ఉందా, వెజ్ తిండి దొరుకుతుందా, పిల్లలకి ఈతకొలను ఉందా అని చూసి కొంటారు. నేను అడిగే మొదటి ప్రశ్న వేరు. ఈ ట్రిప్పులో ఏ ఒక్క రేవు పోతే మీకు ఏడుపొస్తుంది? ఆ పేరు చెప్పండి. ఆ రేవు ఏ కారణంతో మూతపడవచ్చో చూస్తే, అక్కడికి క్రూయిజ్‌లో వెళ్లాలో వేరే దారిలో వెళ్లాలో సగం తేలిపోతుంది. అలాంటి రేవు ఏదీ లేదు, షిప్ మీద నాలుగు రోజులు హాయిగా గడిపితే చాలు అంటారా, ఇక మీకు టెన్షన్ అక్కర్లేదు. ఏది చవకైతే అది కొనుక్కోండి.

రేవులు మూసుకోవడంలో రకాలున్నాయి. ఊరివాళ్లు చట్టం చేసి షిప్పుల సైజుకో సంఖ్యకో హద్దు పెడితే అది నెలల ముందే, ఒక్కోసారి ఏళ్ల ముందే తెలుస్తుంది. గాలి, అలలు అయితే ఆ పొద్దున్నే కెప్టెన్ మైకులో చెబుతాడు. యుద్ధమైతే వారాల ముందు మెయిల్ వస్తుంది గాని, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేరు. రాజకీయమైతే దానికి లెక్కాపత్రం ఉండదు. వీటిలో చట్టం దెబ్బని టికెట్ కొనే ముందే తప్పించుకోవచ్చు. గాలి దెబ్బని తప్పించుకోలేం, కానీ వెళ్లే నెల మార్చి తగ్గించుకోవచ్చు. మిగతా రెండింటికీ రద్దు నిబంధనలే దిక్కు.

వెనిస్: పేరు ఒకచోట, రేవు ఇంకోచోట

2019 జూన్ 2న ఎంఎస్‌సీ ఒపెరా అనే పెద్ద షిప్ అదుపు తప్పి, వెనిస్‌లో గట్టునీ, పక్కన ఆగి ఉన్న ఒక టూరిస్టు నౌకనీ గుద్దింది. అంతకుముందే ఊళ్లో పెద్ద షిప్పులు వద్దని ఏళ్ల తరబడి ఆందోళన నడుస్తోంది. యునెస్కో కూడా వెనిస్‌ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టే ఆలోచన చేసింది. చివరికి 2021 ఆగస్టు 1 నుంచి ఊరి ప్రధాన చౌరస్తా సెయింట్ మార్క్స్ ముందరి నీళ్లలోకి, జుడెక్కా కాలవలోకి పెద్ద షిప్పులు రాకుండా ఇటలీ ప్రభుత్వం ఆపేసింది. 25,000 గ్రాస్ టన్నులు దాటినా, పొడవు 180 మీటర్లు మించినా, నీటిమీద ఎత్తు 35 మీటర్లు దాటినా ప్రవేశం లేదు. గ్రాస్ టన్ను అంటే బరువు కాదు, షిప్ లోపలి ఖాళీని బట్టి కట్టే లెక్క. మన వాళ్లు ఎక్కువగా కొనే షిప్పులు లక్ష టన్నులు దాటినవే. కాబట్టి షిప్ డెక్ మీద నిలబడి సెయింట్ మార్క్స్ గంటస్తంభం చూసే రోజులు పోయాయి. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి టికెట్ కొనకండి.

కానీ కంపెనీలు వెనిస్ పేరు వదల్లేదు. షిప్పులు చుట్టుపక్కల రేవులకి మారాయి, బ్రోచర్లో మాత్రం పేరు అలాగే ఉంది. ఇప్పుడు 'వెనిస్' అని రాసి ఉంటే అది మర్‌గేరా కావచ్చు, ట్రియెస్టే కావచ్చు, రావెన్నా కావచ్చు, మోన్‌ఫాల్కోనే కావచ్చు. వీటిమధ్య చాలా తేడా ఉంది.

మర్‌గేరా అయితే అదృష్టమే. అది వెనిస్‌కి ఎదురుగా, ప్రధాన భూభాగం వైపున్న పారిశ్రామిక రేవు. చూడటానికి విశాఖలో ఫ్యాక్టరీల మధ్య దిగినట్టు ఉంటుంది గాని, ఊరు కొద్ది కిలోమీటర్లే. తర్వాత నేను ట్రియెస్టేకి ఓటేస్తాను. అక్కడ షిప్ ఆగేది నగరం నడిబొడ్డున, పెద్ద చౌరస్తా పక్కనే. రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు, అక్కణ్నుంచి వెనిస్‌కి నేరుగా రైలుంది, దాదాపు రెండు గంటలు. ఊరు కూడా బాగుంటుంది. కాఫీకి పేరున్న ఊరు, ఫిల్టర్ కాఫీ మనుషులకి నచ్చుతుంది. రావెన్నా రేవు పోర్టో కోర్సీనిలో ఉంది, అది ఊరికే దూరం. అక్కణ్నుంచి స్టేషన్‌కి వేరే బండి పట్టుకోవాలి, వెనిస్‌కి సాధారణంగా మధ్యలో రైలు మారాలి. కంపెనీ బస్సు తప్ప సుఖమైన దారి లేదు. రావెన్నా చర్చిల్లో 5, 6 శతాబ్దాల నాటి మొజాయిక్ పని ఉంది, యునెస్కో గుర్తింపు కూడా ఉంది. వాటికోసం వెళ్లేవాళ్లకి రావెన్నా మంచి రేవే. వెనిస్ అనుకుని వెళ్లినవాళ్లకి మాత్రం కాదు. అక్కడ ఎక్కవలసి వస్తే విమానం వెనిస్‌కి కాకుండా బొలోన్యాకి బుక్ చేసుకోండి, దగ్గర పడుతుంది. మా బావగారికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

హద్దులోపు సైజున్న చిన్న షిప్పుల్ని ఇప్పటికీ ఊరి దగ్గరికి రానిస్తారు. వాటి ధర మాత్రం పెద్ద షిప్ ధరకి రెట్టింపో ఇంకా పైనో ఉంటుంది. పిల్లలకి ఆటపాటలు పెద్దగా ఉండవు. పదవీ విరమణ చేసిన దంపతులకి, డబ్బుకి వెనకాడనివాళ్లకి అది సరే. ఆరుగురు కుటుంబానికి ఆ తేడా డబ్బుతో వెనిస్‌లో మూడు రాత్రులు మంచి హోటల్లో ఉండి రావచ్చు. నా సలహా అదే. ట్రియెస్టే నుంచి బయలుదేరే పెద్ద షిప్ కొనండి, షిప్‌కి ముందు రెండు రాత్రులు వెనిస్‌లో ఉండండి. అప్పుడు కంపెనీ రేవు మార్చినా వెనిస్ మీ చేతిలోనే ఉంటుంది.

సాంటోరిని: ఇక్కడ చట్టం కంటే గాలి పెద్దది

గ్రీస్‌లో మన వాళ్లందరికీ కావలసింది నీలం గుమ్మటాలు, తెల్లటి ఇళ్లు. సాంటోరినిలో పెద్ద షిప్ గట్టుకి చేరదు. పేలిపోయిన అగ్నిపర్వతం వదిలిన లోతైన గుంటలో నీళ్ల మధ్య ఆగుతుంది. అక్కణ్నుంచి చిన్న పడవల్లో, వీటినే టెండర్లు అంటారు, గట్టుకి తెస్తారు. పైన ఊరికి చేరడానికి కేబుల్ కార్, 580కి పైగా మెట్లు, లేకపోతే గాడిద. గాడిద వద్దు, పాపం. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. ఆ గాలి బలంగా ఉంటే టెండర్లు నడపరు. షిప్ ఊరి ముందు నుంచే వెళ్లిపోతుంది, మీరు డెక్ మీంచి ఫోటో తీసుకుంటారు.

దీనికి తోడు జనం రద్దీ గొడవ ఒకటి. రోజుకి 8,000 మంది క్రూయిజ్ ప్రయాణికులకి మించకూడదని అక్కడ హద్దు పెట్టారు. 2025 జులై 21 నుంచి గ్రీస్ ప్రభుత్వం షిప్ దిగే ప్రతి ప్రయాణికుడి మీదా రుసుము పెట్టింది. సాంటోరిని, మైకొనోస్‌లలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు మనిషికి 20 యూరోలు, ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో 12. మిగతా గ్రీకు రేవుల్లో ఇంకా తక్కువ. 2025 ఫిబ్రవరిలో వరుసగా భూకంపాలొచ్చి వేలమంది ద్వీపం వదిలి వెళ్లారు, అత్యవసర పరిస్థితి కూడా ప్రకటించారు. ఆ వేసవికి షిప్పులు మళ్లీ వచ్చాయి.

పోలిక సూటిగా చెబుతాను. సాంటోరిని మీ జాబితాలో ఆరింట్లో ఒకటైతే క్రూయిజ్ మంచిది, పోతే పోయింది, మిగతా ఐదున్నాయి. సాంటోరిని కోసమే వెళ్తుంటే క్రూయిజ్ వద్దు. ఏథెన్స్ పక్కన పిరేయస్ నుంచి ఫెర్రీ ఉంది, వేగంగా వెళ్లేది ఐదు గంటలు, మామూలుది ఏడెనిమిది గంటలు. రెండు రాత్రులు ఉంటే, షిప్పుల జనం సాయంత్రం దిగిపోయాక ఊరు మీదవుతుంది. షిప్ మీద వెళ్లినవాళ్లకి దొరికేది మధ్యాహ్నపు ఎండ, కేబుల్ కార్ క్యూ. రెండూ కావాలంటే మే లేదా అక్టోబరు క్రూయిజ్ ఎంచుకోండి. గాలి తక్కువ, రుసుము తక్కువ, జనం తక్కువ. మన స్కూలు సెలవులతో కుదరకపోవచ్చు, అది వేరే సంగతి.

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో ఒకేసారి రెండు షిప్పులకి మించకుండా చూసుకుంటున్నారు. అక్కడ షిప్ గట్టుకి కడతారు, ముందే రోజు ఖాయం చేసుకుని వస్తారు. కాబట్టి సాంటోరిని అంత భయం లేదు.

అలాస్కా: అమెరికా తెలుగువాళ్ల లెక్క

అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్ ఇప్పుడు దాదాపు మామూలైపోయింది. అందరూ చూసే రేవు జూనో. 32,000 మంది ఉండే ఊరు, ఏడాదికి పదహారు లక్షలకి పైగా క్రూయిజ్ ప్రయాణికులు వచ్చిపోతారు. 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద షిప్పులకి మించకుండా ఊరూ కంపెనీలూ ఒప్పందం చేసుకున్నాయి. 2026 సీజన్ నుంచి మంచాల లెక్క, అంటే ఆ రోజు వచ్చే షిప్పులన్నిటిలో కలిపి ఎందరికి పడకలున్నాయన్న హద్దు కూడా వచ్చింది. రోజుకి 16,000, శనివారమైతే 12,000. అసలు శనివారాలు షిప్పులే వద్దని 2024 అక్టోబరులో ఓటింగ్ పెట్టారు, అది ఓడిపోయింది. అమెరికా తూర్పు తీరాన మెయిన్ అనే రాష్ట్రంలోని బార్ హార్బర్ ఇంకా కటువు. అక్కడి ఓటర్లు 2022లో రోజుకి వెయ్యి మందికి మించి షిప్ దిగకూడదని తేల్చేశారు.

జూనో హద్దులు ప్రకటించినవి, కంపెనీలతో మాట్లాడుకున్నవి. కాబట్టి చివరి నిమిషంలో రేవు ఎగిరిపోయే ప్రమాదం తక్కువ. అయినా ఒక పని చేయండి. మీరు వెళ్లే తేదీన జూనోలో ఎన్ని షిప్పులున్నాయో రేవు క్యాలెండర్లో చూడండి. రెండు మూడే ఉన్న రోజు మెండెన్‌హాల్ గ్లేసియర్ దగ్గర ఊపిరాడుతుంది.

మంచు చూడటానికి రెండు దారులు. గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకి రెండు క్రూయిజ్ షిప్పుల్నే రానిస్తారు, అది కూడా అనుమతి ఉన్న కంపెనీలవే. వినడానికి ఆంక్షలా ఉంది గాని, కొనేవాడికి ఇది భరోసా. అనుమతి ఉన్న షిప్‌కి ఆ రోజు, ఆ వేళ ఖాయం. ట్రేసీ ఆర్మ్ అనే సన్నటి సముద్రపు పాయకి అలాంటి ఏర్పాటు లేదు, ఐసుముక్కల్ని బట్టి కెప్టెన్ అక్కడికక్కడ తేల్చుకునేవాడు. 2025 ఆగస్టులో అక్కడ కొండ విరిగి పడి పెద్ద అల లేచింది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు దాని బదులు పక్కనున్న ఎండికాట్ ఆర్మ్‌కి మార్చాయి. నాలుగు డాలర్లు ఎక్కువైనా గ్లేసియర్ బే ఉన్న టికెట్టే కొంటాను.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న షిప్, అంటే దాదాపు అన్ని పెద్ద క్రూయిజ్ షిప్పులూ, అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికుల్ని తిప్పి తేలేదు. మధ్యలో ఒక విదేశీ రేవు తగలాలి. అందుకే సియాటిల్ షిప్పులు ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో, తరచు రాత్రిపూట, కాసేపు ఆగుతాయి. చాలామంది అక్కడ దిగను కూడా దిగరు. కానీ షిప్ దృష్టిలో అది అన్నిటికంటే ముఖ్యమైన రేవు. కోవిడ్‌తో కెనడా తన రేవులు మూసేసినప్పుడు, అమెరికా కాంగ్రెస్ 2021 మేలో తాత్కాలికంగా వేరే చట్టం చేసేవరకు పెద్ద షిప్పులు అలాస్కా వైపు కదల్లేకపోయాయి. గ్రీన్‌కార్డు ఉంటే కెనడాకి వీసా అక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు భారతీయ పాస్‌పోర్టుతో ఉంటే కెనడా వీసా సంగతి టికెట్ కొనకముందే తేల్చుకోవాలి. వీసా స్టాంప్ గడువు అయిపోయినవాళ్లు తిరిగి రావడం గురించి లాయర్‌ని అడిగాకే డబ్బు కట్టండి. సియాటిల్లో షిప్ ఎక్కనివ్వకపోతే అది మీ తప్పుగానే లెక్కేస్తారు, రీఫండ్ ఉండదు.

యూరప్‌కి కూడా ఇదే మాట కొద్ది తేడాతో వర్తిస్తుంది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చేది) అయితే, షిప్ టర్కీ రేవుకి వెళ్లి తిరిగి గ్రీస్‌కి వచ్చినప్పుడు చిక్కు. మొదట టర్కీ లేని ట్రిప్ కూడా మధ్యలో మారి టర్కీ వైపు వెళ్లొచ్చు. అందుకే ఎప్పుడూ మల్టిపుల్ ఎంట్రీ అడగండి. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ చుట్టి వచ్చేవాళ్లు కూడా సింగపూర్ వీసా మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

చిన్న షిప్ ఎప్పుడూ మేలా?

వెనిస్ చూశాక అందరూ చిన్న షిప్ కొంటే చాలు అనుకుంటారు. ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్‌లో కూడా 2025 నుంచి రక్షిత ప్రాంతాల్లో 200 మందికి మించి ప్రయాణికులున్న షిప్పుల్ని రానివ్వడం లేదు. కానీ నార్వేలో గైరాంగర్, నేరోయ్ లాంటి వారసత్వ ఫ్యోర్డుల్లో, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయల్లో, లెక్క తలకిందులైంది. 2026 జనవరి నుంచి అక్కడ పొగ లేకుండా నడవాలన్న నిబంధన ముందు వర్తించింది 10,000 టన్నుల లోపు ప్రయాణికుల షిప్పులకే. పెద్దవాటికి 2032 దాకా గడువిచ్చారు. కాబట్టి షిప్ సైజుని బట్టి కాదు, ఆ ఊరి నిబంధనని బట్టి చూడాలి. ఆమ్‌స్టర్‌డామ్ సైజు జోలికే పోలేదు. ఏడాదికి 190 షిప్పులుండే హద్దుని 2026 నుంచి 100కి దించింది. అక్కడ 'ఆమ్‌స్టర్‌డామ్' అని ఉన్నా రోటర్‌డామ్‌లోనో ఐముయిడెన్‌లోనో ఎక్కించవచ్చు. నెదర్లాండ్స్ చిన్న దేశం, రైళ్లు బాగుంటాయి, దాన్ని నేను సమస్యగా లెక్కపెట్టను.

విశాఖ నుంచి అయితే

మన తీరం కథ కూడా చెప్పాలి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ షిప్‌ని చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి చుట్టివచ్చేలా నడపడం మొదలుపెట్టింది. విశాఖలో జనం ఎగబడి చూశారు. పుదుచ్చేరిలో మాత్రం షిప్ మీద జూదం ఉందని పార్టీలు అభ్యంతరం చెప్పాయి. అప్పుడు అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్ బాధ్యతలు కూడా చూస్తున్న తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ కూడా జూదాన్ని ఒప్పుకునేది లేదన్నారు. ప్రభుత్వం అనుమతి ఇవ్వక, ప్రయాణికులు దిగకుండానే షిప్ వెనుదిరిగింది. తర్వాత 2025 జులైలో మళ్లీ వచ్చినప్పుడు ప్రయాణికుల్ని చిన్న పడవల్లో దించారు, అప్పుడూ నిరసనలు జరిగాయి.

ఈ ట్రిప్‌ని ఎలా చూడాలంటే, పుదుచ్చేరి కోసం కొనకండి. చెన్నై నుంచి బస్సులో మూడు నాలుగు గంటల్లో చేరే ఊరది. బంగాళాఖాతం మీద రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనపడకుండా ఉండటం, పిల్లలు ఈతకొలనులో, పెద్దలు డెక్ మీద కుర్చీల్లో గడపటం, అది కొనుక్కుంటున్నట్టు కొనండి. అప్పుడు పుదుచ్చేరి పోయినా సగం డబ్బు పోయినట్టు అనిపించదు. వర్షాకాలంలో అలలకి కడుపులో తిప్పే మనుషులు ఇంట్లో ఉంటే ఆ నెలలు వదిలేయండి. విశాఖకి ఇప్పుడు సొంత అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ఉంది, 2023లో ప్రారంభించారు. ఎక్కడం, దిగడం మునుపటికంటే సుఖం.

ఇక యుద్ధం రకం. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక, ఆ దారిన యూరప్‌కీ గల్ఫ్‌కీ మధ్య తిరగవలసిన షిప్పులు చాలా ట్రిప్పులు రద్దు చేసుకున్నాయి, కొన్ని ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. 2022 ఫిబ్రవరి తర్వాత బాల్టిక్ క్రూయిజ్‌ల నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ పోయింది, అదే ఆ దారికి ప్రాణం. ఇలాంటి ప్రాంతం గుండా వెళ్లే ట్రిప్ చవగ్గా దొరికితే నేను కొనను. ఆ డిస్కౌంట్ ఎందుకిస్తున్నారో వాళ్లకి తెలుసు.

మెయిల్ వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి

'ఫలానా రేవు బదులు ఫలానా రేవు' అని మెయిల్ వచ్చినప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. వెళ్లడం, తేదీ మార్చుకోవడం, రద్దు. కోపంలో రద్దు చేసేవాళ్లని చూశాను, వాళ్లే ఎక్కువ నష్టపోయారు. ముందు ఒక తేదీ చూడండి, పూర్తి డబ్బు కట్టవలసిన ఆఖరి రోజు. చాలా కంపెనీలకి అది ప్రయాణానికి రెండున్నర నుంచి నాలుగు నెలల ముందు ఉంటుంది. ఆ లోపు మెయిల్ వస్తే ఆట మీ చేతిలో ఉన్నట్టే. అడ్వాన్స్ మాత్రమే పోతుంది, టికెట్ రకాన్ని బట్టి అదీ వెనక్కి రావచ్చు. ఆ తేదీ దాటాక వస్తే పోయే శాతం వారం వారానికి పెరుగుతుంది, చివర్లో మొత్తం పోతుంది. అప్పుడు, మీకు ఏడుపొచ్చే రేవు పోతే తప్ప, వెళ్లడమే లాభం. తేదీ మార్చుకోవడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది గాని కొత్త తేదీ ధర ఎక్కువ ఉంటే తేడా మీదే, విమానం టికెట్లు మార్చిన ఖర్చూ మీదే. రెండూ కలిపి లెక్కేయకుండా ఊఁ అనకండి.

పరిహారం ఎంతొస్తుంది? టికెట్ వెనకున్న ఒప్పందంలో, దారి మార్చే హక్కు కెప్టెన్‌కి, కంపెనీకి ఉందని దాదాపు అందరూ రాసుకుంటారు. తప్పిపోయిన రేవు తాలూకు పన్నులు, రుసుములు వెనక్కి ఇస్తారు, లేదా షిప్ మీద ఖర్చుపెట్టుకోమని జమ చేస్తారు. నలుగురికి కలిపినా చిన్న మొత్తమే. అమెరికాలో ఫెడరల్ మారిటైమ్ కమిషన్ నిబంధన షిప్ రద్దయినా, ఎక్కడం మూడు రోజులు లేదా అంతకంటే ఆలస్యమైనా రీఫండ్ ఇప్పిస్తుంది, ఒక రేవు తప్పిపోతే కాదు. యూరప్‌లో ప్యాకేజీగా కొన్నవాళ్లు కొంచెం గట్టి నేల మీద ఉన్నారు. బయలుదేరే ముందే ప్రయాణంలో ముఖ్యమైన భాగం గణనీయంగా మారితే రుసుము లేకుండా రద్దు చేసుకునే హక్కు అక్కడి ప్యాకేజీ చట్టం ఇస్తుంది, బ్రిటన్‌లోనూ అలాంటిదే ఉంది. కాబట్టి లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకి కూడా కలిపి అక్కడే బుక్ చేస్తే మేలు. మన దగ్గర ఏజెంటు దగ్గర కొంటే, 'వెనిస్ పక్కనే' లాంటి మాటలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. రేపు కన్స్యూమర్ కమిషన్ ముందుకి వెళ్లినా నోటిమాట నిలబడదు. మా బావగారి దగ్గర నోటిమాటే ఉంది.

రేవుల్లో దిగి చూసే టూర్ల విషయంలో అందరూ షిప్ వాళ్ల టూర్లు ఖరీదు అంటారు, నిజమే. కానీ షిప్ ఆ రేవుకి వెళ్లకపోతే ఆ డబ్బు వాళ్లే తిరిగి ఇచ్చేస్తారు, టూర్ బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది. బయట కొన్న టూర్‌కి ఈ రెండూ లేవు. నా పద్ధతి ఇది. టెండర్లో దిగే రేవులకి షిప్ వాళ్ల టూర్, లేదా ముందురోజు దాకా ఉచితంగా రద్దు చేసుకోగలిగే బయటి టూర్. షిప్ గట్టుకి కట్టే రేవుల్లో సొంతంగా తిరగడం.

బీమా చూసుకోకుండా కొనకండి. మన దేశంలో అమ్మే విదేశీ ప్రయాణ బీమాలు ఎక్కువగా ఆసుపత్రి ఖర్చులకోసం కట్టినవి, తప్పిపోయిన రేవుకి డబ్బిచ్చే అంశం ఉందో లేదో పాలసీ కాగితంలో వెతకాలి. అమెరికాలో 'ఏ కారణానికైనా రద్దు' అనే పాలసీ దొరుకుతుంది. అడ్వాన్స్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, సాధారణంగా 50 నుంచి 75 శాతం వెనక్కి వస్తుంది. ప్రీమియం ఎక్కువ. యుద్ధం, చట్టం లాంటి భయాలున్న దారికైతే కొంటాను, అలాస్కాకి కొనను.

అమ్మ ఈమధ్య వెనిస్ వదిలి సాంటోరిని పట్టుకుంది. నేను షిప్పులు చూడ్డం లేదు, పిరేయస్ ఫెర్రీ వేళలు చూస్తున్నాను. మెట్లెన్ని అని అడిగింది. కేబుల్ కార్ ఉంది, అదీ కాకపోతే ఫెర్రీ దిగే రేవు వేరు, అక్కణ్నుంచి బస్సే పైకి తీసుకెళ్తుందని చెప్పాను. "అయితే మీ బావగార్ని రావద్దను" అంది.